పార్లమెంట్ హిల్ లైడో: ఆరుబయట తొలి ఈతకు తగిన చోటు

ఉత్తర లండన్‌లో హాంప్‌స్టెడ్ హీత్ అనే విశాలమైన పచ్చిక ప్రదేశం అంచున, గాస్పెల్ ఓక్ స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఈ లైడోకు, అంటే ఆరుబయటి ఈతకొలనుకు, ఆగస్టు చివరి వారంలో మూడుసార్లు వెళ్ళాను. పైకప్పున్న వెచ్చని కొలనులో ఈత నేర్చుకుని, ఆరుబయట చన్నీళ్ళలో మొదటిసారి దిగదలచినవారికి ఇది తగిన చోటు. అసలు ఈత రానివారికి మాత్రం కాదు.

1938లో తెరిచిన ఈ కొలను పొడవు సుమారు 61 మీటర్లు, వెడల్పు 27 మీటర్లు. అడుగున స్టెయిన్‌లెస్ స్టీలు పరిచినందువల్ల మబ్బు పట్టిన పూట కూడా నీరు తోమిన బిందెలో నీళ్ళలా తళతళలాడుతుంది. నీటిని వేడి చేసే ఏర్పాటు లేదు. కానీ నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది కనుక, ఎండలు మొదలైన రోజులకంటే వేసవి చివరే కొత్తవారికి అనుకూలం. నేను వెళ్ళిన మొదటి రోజు నీటి ఉష్ణోగ్రత 19 డిగ్రీలు.

ఆ అంకె చూసి మోసపోకూడదు. చిన్నప్పుడు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని మా ఊరి బావిలో దూకిన అలవాటు ఇక్కడ పనికిరాదు. చన్నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగిలితే ఊపిరి అదుపు తప్పుతుంది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే ఊపిరితోపాటు నీరు లోపలికి పోయే ప్రమాదం ఉంది. ముఖం మీద, మెడ మీద నీళ్ళు చల్లుకుంటూ మెల్లగా దిగి, ఎగశ్వాస తగ్గేదాకా లోతు తక్కువ ఉన్నవైపు కాళ్ళూని నిలబడగలగడమే ఈ కొలనులో కొత్తవారికి దొరికే అసలు సదుపాయం. పక్కనే హీత్‌లో ఉన్న ఈత చెరువులు ఎంత అందమైనవైనా, లోతెక్కువ, నీటి అడుగు కనబడదు. లైఫ్‌గార్డులు ఉన్నా మొదటి ఈతకు వాటిని నేను సిఫారసు చేయను.

రెండవ రోజు ఒళ్ళు అలవాటు పడిందనుకుని అరగంట ఉండిపోవడం నా పొరపాటే. నీళ్ళలో బాగానే ఉంది. గట్టెక్కిన పది నిమిషాలకు వణుకు పట్టుకుని, చేతిలోని టీ సగం ఒలికిపోయింది. బయటికి వచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కొంతసేపు తగ్గుతూనే ఉంటుందని అప్పుడు తెలిసింది. మూడవ రోజు పన్నెండు నిమిషాలకే లేచి, తల తుడుచుకుని, తడిబట్టలు మార్చి ఉన్ని టోపీ పెట్టుకున్నాను. ఆగస్టులో ఉన్ని టోపీ ఏమిటని మా ఆవిడ నవ్వింది కానీ, ఆ రోజు టీ ఒక్క చుక్క ఒలకలేదు.