బల్లార్షా ఎండలో మౌంజారో పార్సెల్

వీడియో కాల్‌లో డాక్టర్‌కి చూపించుకుని బరువు తగ్గే ఇంజెక్షన్ మౌంజారో తెప్పించుకోవడం గురించి ఎండాకాలం ముందైతే మంచి మాటలే రాసేదాన్ని. డాక్టర్ గారు ఇప్పటికీ నాకు నచ్చారు. షుగర్, కిడ్నీ రిపోర్టులు చూసి, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని అడిగాకే 2.5 మి.గ్రా. రాశారు. 5కి వెళ్లాక వికారం ఎక్కువైతే తొందరపడి పెంచలేదు. మాటంతా హిందీలోనే. నాకు ఇబ్బంది లేదు గానీ మా అమ్మకైతే పక్కన ఒకరు కూర్చోవాలి.

నా కోపమంతా డెలివరీ మీద. ఈ మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట 21 రోజులు ఉండొచ్చు గానీ, 30 డిగ్రీలు దాటకూడదు. చంద్రపూర్ జిల్లాలో మే నెలంటే 45 డిగ్రీలు మామూలు. శనివారం ఊరికొచ్చిన పార్సెల్ సోమవారం దాకా కొరియర్ వాళ్ల రేకుల షెడ్డులోనే ఉంది. తెరిస్తే జెల్ ప్యాకులు నీళ్లయిపోయి వెచ్చగా ఉన్నాయి. పెట్టె లోపల ఎంత వేడెక్కిందో చూపించే స్టిక్కరైనా లేదు.

మందు పంపిన కంపెనీకి ఫిర్యాదు చేస్తే "21 రోజులు బాగుంటుంది మేడమ్, వాడుకోండి" అన్నారు. 30 డిగ్రీల సంగతి ఎత్తనే లేదు! వేడికి మందు పాడైనా చూపుకి తెలియకపోవచ్చు, దాన్ని ఒంట్లోకి ఎలా ఎక్కించుకోమంటారు? ఫొటోలు పంపితే వాళ్ల డాక్టర్ గారే వాడొద్దన్నారు. అయినా వేలు పోసి కొన్నదానికి డబ్బు తిరిగివ్వలేదు, ఫ్రిజ్ మందులకు రిటర్న్ లేదట. ఈ గొడవ తేలేలోపు వారాలు గడిచి, ఆకలి మునుపటిలా తిరిగొచ్చింది. డాక్టర్ గారు మళ్లీ 2.5 నుంచి మొదలుపెట్టించారు.

ఇప్పుడు చీటీ మాత్రమే ఫోన్లో తీసుకుంటున్నాను. మందు చంద్రపూర్ మెడికల్ షాపులో, నా కళ్లముందు ఫ్రిజ్‌లోంచి తీసిస్తేనే కొంటాను. ఐస్ డబ్బాలో, ఐస్ తగలకుండా గుడ్డ చుట్టి తెచ్చుకుంటాను, గడ్డకట్టినా పనికిరాదు కదా.

నాకు షుగర్ కూడా ఉంది, ఈ మందు దానికీ పనికొస్తుంది, పైగా చంద్రపూర్ దగ్గరే, కాబట్టి ఇలా కుదురుతోంది. దూరంగా గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉన్న మా చిన్నమ్మ అడిగితే ఎండలు తగ్గేదాకా ఆగమన్నాను. అప్పుడైనా, ఈ మందుతో విపరీతమైన కడుపునొప్పి వస్తే చేత్తో నొక్కి చూసే డాక్టర్ ఎవరున్నారో ముందే చూసుకోమన్నాను. ఫోన్లో ఆ పని జరగదు.