బడిలో భూకంపాల పాఠం: సొంత సీస్మోమీటరా, ఆన్‌లైన్ డేటానా?

ఖర్చు: డేటాకు పైసా అక్కర్లేదు, యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూవిజ్ఞాన సర్వే) లాంటి సంస్థలు ఉచితంగానే ఇస్తాయి. నేల కదలికల్ని నమోదు చేసే పరికరానికి, అంటే సీస్మోమీటరుకు, డబ్బు కావాలి. రాస్‌ప్‌బెర్రీ షేక్ అనే రెడీమేడ్ చిన్న సీస్మోమీటరు కొనలేకపోతే, స్ప్రింగుకు అయస్కాంతం వేలాడదీసి చుట్టూ రాగితీగ చుట్ట అమర్చి పిల్లలతోనే చేయించొచ్చు.

శ్రమ: డేటాకు ఇంటర్నెట్ చాలు. పరికరాన్ని జనం తిరగని మూలలో, గట్టి నేల మీద పెట్టి కనిపెట్టుకుని ఉండాలి.

రిస్క్: సొంత పరికరంలో వారాల తరబడి భూకంపమే కనిపించకపోవచ్చు. అయినా నా ఓటు దానికే. బెల్ కొట్టగానే వరండాలో పరుగెత్తిన తమ అడుగులకే తెరమీద గీత ఎగిరిపడటం చూస్తే, "మరి ఇది భూకంపం కాదని ఎలా తెలుస్తుంది?" అని పిల్లలే అడుగుతారు. డౌన్‌లోడ్ చేసిన గ్రాఫ్ చూస్తే ఆ ప్రశ్న అంత తేలిగ్గా పుట్టదు.

లెక్కలు: ఇక్కడ డేటాదే పైచేయి. భూకంపం నుంచి ముందుగా చేరే పి తరంగాలకు, వాటి వెనక చేరే ఎస్ తరంగాలకు మధ్య ఉన్న సెకన్లను 8తో గుణిస్తే, దగ్గర్లో వచ్చిన భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరమో సుమారుగా తేలుతుంది. అలా మూడు స్టేషన్ల చుట్టూ ఆయా దూరాలే వ్యాసార్ధంగా వృత్తాలు గీస్తే అవి కలిసేచోటే భూకంప కేంద్రం.

వారంలో పాఠం ముగించాలంటే డేటా తీసుకోండి. ఏడాదంతా పట్టించుకునే టీచరు, చురుకైన సైన్స్ క్లబ్ ఉంటే పరికరం పెట్టండి.