రేడియేటర్ల చప్పుళ్లు: నాలుగు చలికాలాల్లో ఏది పనిచేసింది, ఏది చేయలేదు

మా ఇంట్లో ఎనిమిది రేడియేటర్లు, అంటే బాయిలర్ వేడిచేసిన నీళ్లు లోపల తిరుగుతూ గదుల్ని వెచ్చబరిచే ఇనుప పలకలు. మొదటి చలికాలం పడకగదిలోది బాయిలర్ వెలిగినప్పుడల్లా నిండు సీసా బోర్లించినట్టు గుడగుడలాడేది. చేత్తో తడిమితే పైన చల్లగా, కింద వేడిగా ఉండేది. అంటే లోపల గాలి చేరినట్టే. వెంటనే బ్లీడ్ కీ, అంటే ఆ గాలి వదలడానికి స్క్రూ తిప్పే చిన్న తాళంచెవి, తెచ్చుకున్నాను. ఇప్పటిదాకా కొన్నవాటిలో అన్నిటికంటే చిన్న వస్తువు, ఎక్కువగా వాడింది కూడా అదే. కాకపోతే ప్రతి చప్పుడుకూ అదే మందనుకుని ఒక చలికాలమంతా పాడుచేసుకున్నాను.

పని కష్టమేమీ కాదు. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారాక, పైమూల ఉన్న చిన్న స్క్రూని పావు తిప్పు తిప్పితే చాలు. ముందు బుస్సుమని గాలి వస్తుంది, తర్వాత తుంపర్లు, ఆపైన సన్నని ధార. ధార రాగానే బిగించేయాలి. మొదటిసారి నేను ఉత్సాహంగా గిరగిరా తిప్పేస్తే స్క్రూ ఊడి చేతికొచ్చింది. నల్లని నీళ్లు గోడంతా చిమ్మాయి. ఆ మరక ఇంకా ఉంది, బీరువా అడ్డం పెట్టాం. గాలి తీశాక బాయిలర్ ప్రెషర్ పడిపోతుందని కూడా అప్పటికి తెలియదు. మర్నాడు బాయిలర్ వెలగకపోతే ఇల్లంతా టెన్షన్. తీరా చూస్తే, చల్లగా ఉన్నప్పుడు గేజ్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండేలా నీళ్లు నింపితే సరిపోయింది.

రెండు వారాలకు గుడగుడ మళ్లీ మొదలు. మళ్లీ గాలి తీయడం, మళ్లీ నీళ్లు నింపడం. ఆ సీజన్‌లో ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. మూసి ఉన్న సిస్టమ్‌లోకి అంత గాలి ఎక్కడినుంచి వస్తోందన్న ప్రశ్న చాలా ఆలస్యంగా తట్టింది. జవాబు గోడమీదే ఉంది. నీళ్లు నల్లగా ఉన్నాయంటే ఉక్కు రేడియేటర్లు లోపల తుప్పు పడుతున్నట్టు. ఆ నలుపు మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్. ఆ తుప్పుతోపాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. నేను గాలి అనుకుని వదిలినదాంట్లో చాలావరకు అదే అయి ఉండాలి (బ్లీడ్ చేసేటప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి, మండుతుంది). పైగా నింపిన ప్రతిసారీ కొత్త నీళ్లతో కొత్త ఆక్సిజన్ లోపలికి పోయి తుప్పును ఇంకా పెంచుతుంది. వైద్యం పేరుతో నేను జబ్బుకు తిండి పెడుతున్నానన్నమాట.

రెండో చలికాలానికి ముందు పాత నీళ్లన్నీ తీయించి, సిస్టమ్ కడిగించి, తుప్పును అడ్డుకునే ఇన్హిబిటర్ అనే రసాయనం పోయించాను. బాయిలర్‌కి తిరిగొచ్చే పైపు మీద, నీళ్లలోని తుప్పును అయస్కాంతంతో పట్టే మాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించాను. హాల్లో ఒక రేడియేటర్ అడుగున చల్లగా ఉండేది, అది లోపల తుప్పు బురద పేరుకున్న గుర్తు. దాన్ని విప్పి పెరట్లో గొట్టంతో కడిగితే కాలవ నల్లబడింది. నెల తర్వాత ఫిల్టర్ తెరిచి చూశాను. అయస్కాంతం చుట్టూ వేలిమందాన కాటుకలాంటి ముద్ద! ఇప్పుడు ఏడాదికోసారి తెరిస్తే పల్చటి పూత మాత్రమే ఉంటోంది. బ్లీడ్ కీ కూడా సీజన్ మొదట్లో ఒక్కసారే బయటికొస్తోంది. నా వరకు ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చింది ఈ ఫిల్టరే. ఇన్హిబిటర్ మీద మాత్రం చిన్న ఫిర్యాదు: ఏ పనికోసం నీళ్లు తీసినా అదీ వాటితోనే పోతుంది, మళ్లీ పోయాలి. బలం చూసుకునే పరీక్ష పట్టీల రంగులు పోల్చడం నా కళ్లవల్ల కాదు.

ఇంత చేసినా హాల్లో ఇంకో చప్పుడు మిగిలిపోయింది. దడదడదడ, ఎవరో గోడను సుత్తితో కొడుతున్నట్టు. గాలి తీస్తే ఏమీ రాలేదు. కొన్ని రోజులు గమనిస్తే ఒక సంగతి దొరికింది: థర్మోస్టాటిక్ వాల్వ్ (గది వేడిని బట్టి రేడియేటర్‌లోకి నీళ్లను తనే తగ్గించి పెంచేది) పూర్తిగా తెరిస్తే చప్పుడు లేదు, మూసుకోబోతుంటే మొదలవుతోంది. వాల్వ్ ఒంటిమీద చిన్న బాణం గుర్తుంది. నీళ్లేమో దానికి ఎదురు దిశలో వస్తున్నాయి. బిగించినవాళ్లు చూసుకోలేదు. నీళ్లు ఎటునుంచి వచ్చినా పనిచేసే రకం వాల్వ్ వేయించాను. ఇది జరిగింది మూడో చలికాలంలో, ఆ తర్వాత మళ్లీ ఆ సుత్తి వినపడలేదు. ముందే గమనించి ఉంటే మొదటి ఏడాదే తేలిపోయేది.

వాల్వ్‌ల దగ్గర వినిపించే సన్నటి ఈల, నీళ్లను తిప్పే పంపు స్పీడు 3 నుంచి 2కి తగ్గించగానే పోయింది. బాయిలర్ కెటిల్‌లా మరిగే శబ్దం చేస్తే మాత్రం మనం చేయి పెట్టకూడదు, అర్హత ఉన్న మెకానిక్‌నే పిలవాలి.

ఇక మిగిలింది టిక్ టిక్. పది మీటర్ల రాగి పైపు 50 డిగ్రీలు వేడెక్కితే ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. నేల కింద దూలానికి చేసిన బెజ్జం ఇరుకైతే రాసుకుంటూ కదులుతుంది. నేల మీది చెక్క పలక ఎత్తగలిగిన చోట పైపు చుట్టూ మెత్తని ఫెల్ట్ గుడ్డ ముక్క దోపాను, అక్కడ ఆగిపోయింది. టైల్స్ కిందున్న రెండోచోటికి చేయి పోదు. బాయిలర్ వేడి 70 డిగ్రీల నుంచి 60కి తగ్గించాక అక్కడ కూడా చప్పుడు బాగా తగ్గింది గానీ, పొద్దున హీటింగ్ వెలిగిన పదినిమిషాలూ ఇంకా వినిపిస్తుంది. దానికోసం టైల్స్ పగలగొట్టే ఉద్దేశం నాకు లేదు.