రోలర్ స్కీలు: కొత్తపట్నం రోడ్డు మీద 3 వారాలు

నార్వేలో ఉద్యోగం, సెలవులకు ఒంగోలు. మార్చిలో రేనా నుంచి లిల్లెహామర్ దాకా 54 కిలోమీటర్ల బిర్కెబైనర్ రేసు ఉంది, మంచు మీద స్కీలతో. వీపున 3.5 కిలోల సంచి తప్పనిసరి. ప్రాక్టీసు ఆగకూడదని రోలర్ స్కీలు, అంటే రోడ్డు మీద దొర్లే చక్రాల స్కీలు, వెంట తెచ్చుకున్నా. కాళ్లు ముందుకూ వెనక్కీ సమాంతరంగా ఆడించే క్లాసిక్ రకం.

రెండు కర్రలూ ఒకేసారి పొడిచి తోసే డబుల్ పోలింగ్‌కి ఇవి బ్రహ్మాండం. ఇన్నాళ్లూ చేతుల బలంతోనే లాగుతున్నానని ఇక్కడే తెలిసింది. పొట్ట బిగించి, ముందుకు వంగి ఒంటి బరువంతా కర్రల మీద వేశాక రొయ్యల చెరువులు చకచకా వెనక్కిపోయాయి.

చిక్కల్లా ర్యాచెట్‌తోనే. వెనక్కి దొర్లకుండా చక్రంలో పెడతారు. దాంతో కాలు ఎంత బద్ధకంగా తన్నినా పట్టు దొరుకుతుంది. మంచులో ఆ ఆట సాగదు, టైమింగ్ తప్పితే స్కీ వెనక్కి జారిపోతుంది. అందుకే నేను తన్నుడు తగ్గించి తోపుడు పెంచా.

తారు మీద కర్రల మొనలు తొందరగా మొద్దుబారతాయి, ఆకురాయి దగ్గరుంచుకోండి. నావాటికి బ్రేకుల్లేవు. ధాన్యం ఆరబోసిన చోట పక్క గడ్డిలోకి దిగిపోవడమే. అట్లా దిగి బోర్లా పడ్డ రోజే మా పెదనాన్న చూశాడు: "ఏందిరా, మంచం కోళ్లు కట్టుకుని రోడ్డెక్కావు?"