థార్‌లో చింతపల్లి ఇసుకా, మామూలు కారులో ఉద్దానమా: ఏది మేలు?

ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి, అద్దెకు తీసుకుని సముద్రం పక్క తోటల్లో ఒక్కరోజు తిరగాలని మా బావమరిది సరదా. విజయనగరం జిల్లాలో చింతపల్లి–కోనాడ తీరమా, శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానమా అని అడిగాడు. రెండూ తిరిగినవాణ్ణి కాబట్టి నా లెక్క చెబుతున్నాను.

విజయనగరం నుంచి చింతపల్లి దగ్గర. పూసపాటిరేగ మీదుగా వెళ్తే లైట్‌హౌస్, సరుగుడు తోటలు, ఆ పక్కన కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోటు. తోటలో నిలబడితే ఆ హోరు సరుగుడుదో సముద్రానిదో చెప్పలేం. కింద సూదుల్లాంటి ఎండాకు దట్టంగా పరుచుకుని గట్టినేలలా కనబడుతుంది. అదే మోసం. దాని కింద ఉన్నది వట్టి ఇసుక.

మేం దిగబడింది అక్కడే. మహీంద్రా థార్ అద్దెకు తీసుకున్నాం, థార్ అంటే ఫోర్ బై ఫోరే అనుకున్నాం. 2023 నుంచి వెనక చక్రాలకే ఇంజను బలం అందే థార్‌లూ వస్తున్నాయి, మాకు అంటగట్టింది అలాంటిదే. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంటూ పోయింది. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ అలా తొక్కేస్తన్నారు? ముందు చక్రాల్లో గాలి తియ్యండి" అన్నాడు. గాలి 32 పీఎస్ఐ నుంచి 18కి దించి, చక్రాల కింద తాటిమట్టలు వేసి, నలుగురు తోస్తే బయటపడ్డాం. మళ్లీ గాలి కొట్టడానికి పంపు లేదు. హైవే మీద పంక్చర్ షాపు దాకా నత్తనడకే. అందుకే బండి తీసుకునేటప్పుడు గేరు రాడ్ పక్కన, నాలుగు చక్రాలకూ బలం మళ్లించే రెండో లివరుందో లేదో చూసుకోండి. మారుతి జిమ్నీ అయితే ఆ బెంగ లేదు, అన్నీ ఫోర్ బై ఫోరే. పైగా బరువు తక్కువ, ఇసుకలో అది మంచిదే.

ఇక ఒడ్డు మీదికి బండి దించడం నాకు బొత్తిగా నచ్చదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇసుకలో వందకు పైగా గుడ్లు పెట్టి పూడ్చిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అరచేతిలో పట్టే ఆ పిల్లకి టైరు గాడి పెద్ద కాలవ. అందులో పడితే సముద్రం దాకా చేరడం కష్టం.

ఉద్దానం సంగతి వేరు. పలాస దాటాక మందస, సోంపేట, కవిటి వైపు ఏ ఊరి రోడ్డు పట్టుకున్నా తోటల్లోంచే పోతుంది. పైన కొబ్బరి, మధ్యలో పనస, గట్ల మీద జీడి. మార్చి, ఏప్రిల్‌లో కారు అద్దం దించితే జీడిపండు వాసన గుప్పుమంటుంది. పులుపూ వగరూ కలిసి, కాస్త మత్తుగా ఉంటుంది. పండు కొరికి రసం చొక్కా మీద పడిందా, ఆ మరక ఇక పోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఇక్కడ కొబ్బరి కూకటివేళ్లతో పడిపోయింది. కొన్ని తోటల్లో నడుము ఎత్తు మొక్కలే కనబడితే కారణం అది. పడమటి వైపు మహేంద్రగిరి నీలంగా కనిపిస్తూ ఉంటుంది. ఆ కొండల నుంచి దిగిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాత రేవు అది, లైట్‌హౌసూ ఉంది. కారు ఊళ్లో ఆపి ఒడ్డుకి నడిచి వెళ్తే చాలు. వచ్చేటప్పుడు మందస కోవా మర్చిపోకండి.

ఇన్ని చూడ్డానికి ఫోర్ బై ఫోర్ ఎందుకు? వానల్లో తోట లోపలి మట్టిదారుల్లో తప్ప, మామూలు కారు చాలు. మాకు థార్ అద్దె దానికి రెండింతలు పడింది. ఇసుకలో బండి నడపడమే సరదా అనుకునేవాళ్లకి చింతపల్లి వైపు సరే, అదీ తోటల వెనక బాట మీదే. చెట్టూ నీడా చూడాలంటే మాత్రం ఉద్దానమే.

మా వాడు ఉద్దానానికి ఒప్పుకున్నాడు గానీ, బండి మాత్రం థారే కావాలంటాడు. సరే అన్నాను. వెనక సీట్లలో మనుషులు కూర్చున్నాక అందులో పనసకాయ ఎక్కడ పెడతాడో చూడాలి.