దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల మూలాలు: ఇంటిపేరా, ఓడ నంబరా?

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా చెరకు తోటల ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ చాలామందే. వాళ్ల మునిమనవలు ఇప్పుడు ఊరు వెతుక్కోవాలంటే దారులు రెండు.

ఇంటిపేరు దారి సులువనిపిస్తుంది, కానీ మోసం చేస్తుంది. ‘నాయుడు’ అక్కడ ఇంటిపేరైపోయింది. ఇక్కడ అది పేరు చివర తగిలించే బిరుదు. దాన్ని పట్టుకుని ఏ ఊరికని వెళ్తాం? అసలు ఇంటిపేర్లు చాలావరకు కాగితాలకెక్కలేదు. తండ్రి పేరో తాత పేరో తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. ఒక్కోసారి అదీ మంచిదే: ‘అప్పలస్వామి’ కనిపిస్తే సింహాచలం అప్పన్న గుర్తొస్తాడు, ఉత్తరాంధ్ర వైపు చూడొచ్చు. అంతకుమించి ఆశపడకూడదు.

ఓడ జాబితా వేరే లెక్క. ప్రతి కూలీకీ ఒక నంబరు. దాని ఎదుట పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఆఖరికి ఒంటి మీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు కూడా. పాత పెళ్లి, మరణ పత్రాల్లో ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. తలనొప్పల్లా గుమాస్తా స్పెల్లింగుతోనే. ‘వైజాగపటం’ అని జిల్లా తెలిసినా ఊరి పేరు పోల్చుకోవడం కష్టం. పైకి చదివి వినాలి. కొత్తపల్లి లాంటి పేరైతే మరీ టెన్షన్, తాలూకా చూడక తప్పదు.

నా ఓటు నంబరుకే. ఊరు తేలాక అక్కడి పెద్దల్ని ఇంటిపేర్లు అడగండి.