డ్రాప్ అవే రెస్టా, విస్కర్ బిస్కెట్టా?

జింకల వేటకి కాంపౌండ్ బో (కప్పీలుండే విల్లు) రెడీ చేసుకునేవాళ్ళు చివరికి వచ్చి ఆగేది ఈ రెండిటి దగ్గరే. రెండూ విల్లు మీద బాణం ఆనించే రెస్ట్‌లే: బాణాన్ని ఎత్తి పట్టుకుని, వదలగానే కిందకి పడిపోయేది డ్రాప్ అవే; చుట్టూ బ్రిసిల్స్ (బ్రష్ కుచ్చులు) ఉన్న రింగ్‌లో బాణాన్ని పట్టి ఉంచేది విస్కర్ బిస్కెట్.

ఖర్చు: మామూలుగా బిస్కెట్టే చవక.

బిగించడం: బిస్కెట్ అయితే స్క్రూ బిగించి సెంటర్ చూసుకుంటే దాదాపు అయిపోయినట్టే. డ్రాప్ అవేకి తాడు విల్లు కేబుల్‌కో లింబ్‌కో (విల్లులో వంగే బద్ద) కట్టాలి, రెస్ట్ పడే టైమింగ్ కుదరాలి, లేదంటే వేన్స్ (బాణం తోకకి ఉండే ప్లాస్టిక్ రెక్కలు) రెస్ట్‌కి తగిలి బాణం పక్కకి పోద్ది.

గురి: ఇక్కడ డ్రాప్ అవేదే పైచేయి, బాణం బయల్దేరగానే రెస్ట్ కిందకి పడిపోద్ది కాబట్టి వేన్స్‌కి ఏదీ తగలదు, దూరం పెరిగేకొద్దీ ఆ తేడా తెలుస్తది. బిస్కెట్‌లో వేన్స్ ఆ బ్రిసిల్స్ మధ్యలోంచే దూసుకెళ్ళాలి, స్పీడ్ కొంచెం తగ్గుద్ది, వేన్స్ ముడతలు పడతాయి, నిజమైన ఈకలు కట్టిన బాణాలకైతే అసలు వద్దు.

రిస్క్: బిస్కెట్‌లో కదిలే పార్టే లేదు, మంచె మీద వంగినా, చలికి చేతులు వణికినా బాణం జారదు. డ్రాప్ అవేలో కేబుల్‌కి కట్టిన తాడు తెగితే రెస్ట్ పైకి లేవదు, జింక ఎదురుగా ఉన్నా చేసేదేం లేదు, అందుకే సీజన్ ముందు ముడి దగ్గర పీచు లేస్తోందేమో వేలితో తడిమి చూడండి, ప్లీజ్.

కొత్తవాళ్ళకి, పొదల్లో దగ్గర్నుంచి కొట్టేవాళ్ళకి బిస్కెట్. ట్యూనింగ్‌కి ఓపిక ఉండి దూరం ప్రాక్టీస్ చేసేవాళ్ళకి డ్రాప్ అవే, అదీ బాణాన్ని చుట్టూ పట్టి ఉంచే రకమే తీసుకోండి.